ఒకే మట్టి, రెండు అంకెలు: నేల పరీక్షల పోటీకి మా ప్రాజెక్టు డైరీ

నిబంధనలు చేతికొచ్చిన రోజు

పోటీలో రెండు భాగాలు. మొదటిది ముందే చేసుకుని తీసుకెళ్లే ప్రాజెక్టు. పోస్టరు, నోటుపుస్తకం పట్టుకుని న్యాయనిర్ణేతల ముందు నిలబడాలి. రెండోది అక్కడికక్కడే పరీక్ష. ఎక్కడిదో చెప్పకుండా ఒక డబ్బాలో మట్టి ఇస్తారు. ఆమ్లమా క్షారమా, లవణాలు ఎంత, పోషకాలు ఎంత అన్నది గడువులోగా తేల్చి రాయాలి. నిబంధనల్లో మిగతావన్నీ ఎప్పుడూ ఉండేవే. ఒక్క వాక్యం మాత్రం మమ్మల్ని ఆపేసింది: ఏ పద్ధతిలో కొలిచారో రాయని ఫలితానికి మార్కులు ఉండవు.

అప్పటిదాకా మా మనసులో ఉన్న ప్రాజెక్టు ‘ఏ నేలకు ఏ పంట’. అలాంటి పోస్టరు లేని ప్రదర్శన ఉండదు. పైగా దిగుబడి చూడకుండా, నాలుగు రంగు గొట్టాలు చూసి పంటను సిఫారసు చేయడం నాకు మొదటి నుంచీ నచ్చని పని. అందుకే ఆ వాక్యాన్నే ప్రాజెక్టుగా మార్చుకుందామన్నాను. ఒకే మట్టిని రెండు పద్ధతుల్లో కొలిస్తే రెండు అంకెలు ఎందుకు వస్తాయి? దేన్ని ఎప్పుడు నమ్మాలి? టీచరు గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. గాఢ ఆమ్లాలు, ఫ్లోరైడ్ ఉన్న ద్రావణాలు ఆవిడే తయారు చేస్తారు, మేం కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా బల్ల దగ్గరికి రాకూడదు.

జట్టులో ముగ్గురం. దస్తూరి బాగున్నవాడికి నోటుపుస్తకం, కంప్యూటర్ పట్టున్న అమ్మాయికి రంగుల కొలత, నాకు మీటరూ గాజుసామానూ.

మట్టి తీత

రెండు రకాల నేలలు ఎంచుకున్నాం. ఒకటి తెల్లటి సున్నపు గులకలు కనిపించే నల్ల నేల. ఇంకొకటి ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర నేల. పోటీలో ఏది తగిలినా ఈ రెండు స్వభావాల మధ్యే ఎక్కడో ఉంటుందని అంచనా.

పైనున్న గడ్డి, ఆకులు పక్కకు తోసి, ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, దాని గోడ నుంచి పైనుంచి కింది దాకా సమంగా ఒక పలక మందం మట్టి గీకాలి. అలా పొలమంతా అడ్డదిడ్డంగా నడుస్తూ 10 నుంచి 15 చోట్ల తీసి కలపాలి. గట్ల పక్కన, చెట్ల నీడన, ఎరువు కుప్ప వేసిన చోట తీయకూడదు. జింకు పూత ఉన్న ఇనుప బకెట్ వద్దు, ప్లాస్టిక్ బకెట్ చాలు. సూక్ష్మపోషకాలు కొలవాలంటే ఆ పూతే ఫలితాన్ని పాడుచేస్తుంది.

కలిపిన మట్టిని గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచి మిగతావి పారేయాలి. అర కిలో మిగిలేదాకా అంతే. తర్వాత నీడలో ఆరబెట్టడం, కొయ్య సుత్తితో గడ్డలు చిదపడం, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టడం. ఓవెన్లో పెడితే త్వరగా అవుతుంది కదా అని జట్టులో ఒకరి ప్రశ్న. వేడికి పొటాష్, భాస్వరం అంకెలు మారతాయి, కాబట్టి కుదరదు. నైట్రేట్ కోసం తీసిన భాగాన్ని మాత్రం వెంటనే చల్లబరిచాం. తడి మట్టిలో సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి, సంచిలో ఉండగానే నైట్రేట్ మారిపోతుంది.

జల్లెడ పడుతుండగా వేసిన లెక్క ఒకటి ఇక్కడ రాసి పెట్టాలి. ఒక హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి అంటే 1,500 ఘనపు మీటర్లు. ఘనపు సెంటీమీటరుకు 1.5 గ్రాముల సాంద్రత అనుకుంటే సుమారు 22.5 లక్షల కిలోలు. భాస్వరం పరీక్షకు మేం తూచేది 2.5 గ్రాములు. అంటే 90 కోట్ల భాగాల్లో ఒక భాగం. ఈ అంకె చూశాక నాలుగు భాగాలు చేసే పనిని చాదస్తమని ఎవరూ విసుక్కోలేదు.

పీహెచ్: మొదటి రెండు అంకెలు

ద్రావణం ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ కొలమానాన్ని (7 అంటే తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం) 1909లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సన్ ప్రతిపాదించాడు. నత్రజని కొలిచే కెల్డాల్ పద్ధతి కూడా 1883లో ఆ ప్రయోగశాలలోనే పుట్టింది. బీరు తయారీ కోసం పెట్టిన ప్రయోగశాలకు నేల పరీక్షలు చేసేవాళ్లు ఇంత రుణపడి ఉండటం నాకు సరదాగా అనిపించింది. మౌఖిక ప్రశ్నల కోసం నోటుపుస్తకంలో రాసుకున్నాం.

పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ కొసన ఉండే గాజు బుడ్డిని తుడవకూడదు, కాగితంతో అద్దాలి. ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని స్వేదన జలంలో ముంచి ఉంచకూడదు, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలి. ముందు 7.00 బఫర్ (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం), తర్వాత 4.01 బఫర్‌తో సరిచూశాం. 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ యూనిట్‌కు 59.16 మిల్లీవోల్టుల తేడా రావాలన్నది సిద్ధాంతం. మా మీటరు అందులో 97 శాతం చూపించింది. పాత ఎలక్ట్రోడ్‌కు అది మంచి ఆరోగ్యమే.

ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీళ్లు పోసి, మధ్యమధ్యలో కలుపుతూ అరగంట ఉంచి కొలిచాం. నల్ల మట్టి 8.1, ఎర్ర మట్టి 5.9. ఇంకో జత బీకర్లలో నీళ్లకు బదులు 0.01 మోలార్ కాల్షియం క్లోరైడ్ పోశాం. నల్ల మట్టి 7.5, ఎర్ర మట్టి 5.2. మట్టి అదే, మీటరు అదే, గది అదే. ఎర్ర మట్టిలో తేడా 0.7. ఇది సంవర్గమాన కొలమానం కాబట్టి హైడ్రోజన్ అయాన్ల పరంగా చూస్తే అయిదు రెట్లు!

కారణం మట్టి రేణువుల పైపొరలో ఉంది. బంకమట్టి, సేంద్రియ పదార్థం రుణావేశంతో హైడ్రోజన్, అల్యూమినియం అయాన్లను పట్టుకుని ఉంటాయి. కాల్షియం వచ్చి వాటిని నెట్టేస్తే అవి ద్రావణంలోకి వస్తాయి, పీహెచ్ పడిపోతుంది. నీళ్లలో కొలిచిన అంకె ఎరువు వేసినప్పుడు, వానకు లవణాలు కొట్టుకుపోయినప్పుడు ఊగుతుంది. కాల్షియం క్లోరైడ్ అంకె ఆ ఊగిసలాటను చాలావరకు అణిచేస్తుంది. అలాగని అదే ‘నిజమైన’ పీహెచ్ అనలేం. ప్రామాణిక పట్టికల్లో ఎక్కువ భాగం నీళ్ల పద్ధతివే. వాటి పక్కన కాల్షియం క్లోరైడ్ అంకె పెట్టి ‘నేల ఆమ్లమైపోయింది’ అంటే తప్పుడు తీర్పే.

ఇంకో చిన్న విషయం. బీకరు అడుగున పేరుకున్న బురదలో ఎలక్ట్రోడ్ ముంచితే ఒక అంకె, పైన తేరిన నీటిలో ముంచితే ఇంకో అంకె వచ్చాయి. కొలిచే ముందు ప్రతిసారీ ఒకేలా కలిపి, ఒకే లోతులో ముంచుతున్నాం. నోటుపుస్తకంలో అది కూడా రాస్తున్నాం.

సగటు దగ్గర వాదన జరిగింది. పీహెచ్ 5, పీహెచ్ 7 ఉన్న రెండు ద్రావణాల సగటు 6 అని మా నోటుపుస్తకం మనిషి వాదం. హైడ్రోజన్ అయాన్ల గాఢతల సగటు తీసి మళ్లీ పీహెచ్‌గా మారిస్తే 5.3 వస్తుంది. మట్టి దగ్గరికి వస్తే ఇది కూడా సరిగ్గా కుదరదు, ఎందుకంటే రెండు మట్టుల్ని కలిపినప్పుడు ఏది ఎంత గట్టిగా మార్పును అడ్డుకుంటుందన్నదే తేలుస్తుంది. చివరికి సగటు కాకుండా మధ్యస్థం రాయాలని నిర్ణయించాం.

లవణాలు

దీని మీద పెద్దగా రాయడానికేమీ లేదు. నీటిలో లవణాలు ఎంత ఎక్కువైతే విద్యుత్తు అంత బాగా ప్రవహిస్తుంది, ఆ వాహకతనే కొలుస్తాం. 0.01 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1,413 మైక్రోసీమెన్స్ చూపాలి. మా వాహకత మీటరు చూపింది, పని మొదలుపెట్టాం. రెండు నేలల్లోనూ లవణాలు తక్కువే.

కానీ ఇక్కడ కూడా అదే చిక్కు. మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే చౌడు నేల అని అందరూ బట్టీ పడతారు. ఆ హద్దు, మట్టిని నీటితో ముద్దగా తడిపి పిండిన సారానిది. మేం కొలుస్తున్నది ఒక పాలు మట్టికి అయిదు పాళ్ల నీళ్లు పోసిన ద్రావణం. నీళ్లు ఎక్కువ కాబట్టి అంకె చాలా తక్కువగా వస్తుంది. ఈ అంకెను ఆ హద్దుతో పోల్చి ‘లవణాల బెడద లేదు’ అని రాసేవాళ్లు పోటీలో తప్పకుండా ఉంటారు.

భాస్వరం

ప్రాజెక్టు గుండెకాయ ఇదే కాబట్టి ఎక్కువ సమయం దీనికే పోతోంది.

మట్టిలో భాస్వరం మొత్తం ఎంత ఉందన్నది మొక్కకు పట్టదు. అందేది ఎంత అన్నదే ప్రశ్న. ఆ ‘అందేది’ అన్నదాన్ని ఒక్కో శాస్త్రవేత్త ఒక్కో ద్రావణంతో అంచనా వేశాడు. 1945 నాటి బ్రే పద్ధతిలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియం ఫ్లోరైడ్ ఉంటాయి. ఫ్లోరైడ్ అల్యూమినియాన్ని పట్టుకుని దానికి అంటుకున్న ఫాస్ఫేట్‌ను వదిలిస్తుంది. ఆమ్ల నేలలకు సరిపోయే ఉపాయం. 1954 నాటి ఓల్సెన్ పద్ధతిలో పీహెచ్ 8.5 దగ్గర ఉంచిన 0.5 మోలార్ సోడియం బైకార్బొనేట్ ఉంటుంది. అది కాల్షియాన్ని కార్బొనేట్‌గా పక్కకు తప్పిస్తే, కాల్షియంతో ముడిపడిన ఫాస్ఫేట్ కరిగి వస్తుంది. సున్నం ఉన్న నేలల కోసం చేసినది.

రెండు మట్టులనూ రెండు పద్ధతుల్లోనూ పెట్టాం. ఎర్ర మట్టిలో కిలోకు బ్రే 14 మిల్లీగ్రాములు, ఓల్సెన్ 9. నల్ల మట్టిలో ఓల్సెన్ 12, బ్రే 2. బ్రే అంకె ఒక్కటే చూసినవాళ్లు నల్ల నేలలో భాస్వరం ఎండిపోయిందని బస్తాలకు బస్తాలు ఎరువు వేయిస్తారు. నిజానికి అక్కడ ఎండిపోయింది ద్రావణంలోని ఆమ్లం. సున్నం దాన్ని మింగేసింది, ఫ్లోరైడ్‌ను కూడా కాల్షియం ఫ్లోరైడ్‌గా పట్టేసింది. సుద్ద ముక్క మీద వేసినట్టే, నల్ల మట్టి మీద ఆమ్లం వేయగానే బుసబుసమని పొంగడం చూసినప్పుడే ఇది అర్థం కావాల్సింది అన్నారు టీచరు గారు.

రంగు రావడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే పోటీలో చేతులు వణికేది ఇక్కడే. ఓల్సెన్ సారం, అంటే మట్టితో కలిపి ఊపి వడకట్టిన ద్రావణం, 5 మిల్లీలీటర్లు తీసుకుని, పారానైట్రోఫినాల్ అనే సూచిక ఒక చుక్క వేస్తే పసుపు రంగు వస్తుంది. అందులో సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేయాలి. ప్రతి చుక్కకూ అడుగు నుంచి బుడగలు లేచి నురగ గొట్టం మెడ దాకా ఎక్కుతుంది. కంగారుపడి రెండు చుక్కలు కలిపి వేస్తే సారం బయటికి పొంగి, ఆ గొట్టం లెక్కలో లేకుండా పోతుంది. పసుపు మాయమయ్యాక కూడా తొందరపడకూడదు. గోడలకు అంటుకున్న సన్నని బుడగలు పూర్తిగా పోయేదాకా గొట్టాన్ని వేలితో తడుతూ ఉండాలి. ఆ తర్వాతే మాలిబ్డేట్, ఆంటిమొని, ఆస్కార్బిక్ ఆమ్లం కలిసిన రంగు ద్రావణం పోసి, నీటితో 25 మిల్లీలీటర్లకు తేవాలి. మర్ఫీ, రైలీ 1962లో చెప్పిన పద్ధతి ఇది. మొదట ఏమీ కనబడదు. కాసేపటికి గొట్టాన్ని తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూస్తే లేత నీలం తెలుస్తుంది, పది నిమిషాలకు నిలకడగా నిలుస్తుంది. ఆస్కార్బిక్ ఆమ్లం కలిపిన ద్రావణం ఏ రోజుది ఆ రోజే.

మట్టి వేయని గొట్టం, అంటే బ్లాంక్, లేత నీలంగా కనిపించడంతో ఒక సాయంత్రం మొత్తం దర్యాప్తుకే పోయింది. నీళ్లు మార్చి చూశాం, అలాగే ఉంది. రసాయనాలు మార్చి చూశాం, అలాగే ఉంది. గొట్టాలను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి స్వేదన జలంతో కడిగాక నీలం పోయింది. ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడి ఏదో ఎప్పుడో ఆ గొట్టాలకు తగిలి ఉంటుంది. ఇక నుంచి భాస్వరం గొట్టాలకు వేరే పెట్టె, దాని మీద ఎర్ర గీత. సబ్బు దాని దరిదాపుల్లోకి రాకూడదు.

ఓల్సెన్ సారానికి ఇంకో పేచీ ఉంది. క్షారం సేంద్రియ పదార్థాన్ని కూడా కరిగిస్తుంది కాబట్టి సారమే పసుపుపచ్చగా వస్తుంది. భాస్వరం లేని బొగ్గుపొడితో వడకడితే పోతుంది. బొగ్గుపొడి శుద్ధమైనదని నమ్మకం లేకపోతే, రంగు ద్రావణం వేయని సారాన్ని విడిగా కొలిచి ఆ విలువ తీసేయాలి. మేం రెండో దారి పట్టాం.

లెక్క రాసే తీరు కూడా ఖరారు చేశాం. గొట్టంలో లీటరుకు 0.12 మిల్లీగ్రాములు వచ్చిందనుకుందాం. 5 మిల్లీలీటర్లను 25 చేశాం కాబట్టి సారంలో 0.6. 2.5 గ్రాముల మట్టికి 50 మిల్లీలీటర్ల ద్రావణం పోశాం, 20 రెట్లు, కాబట్టి మట్టిలో కిలోకు 12 మిల్లీగ్రాములు. 22.5 లక్షల కిలోల మట్టికి లెక్కేస్తే హెక్టారుకు 27 కిలోలు. ప్రతి మెట్టూ కాగితం మీద కనిపించాలి. ఒక్క మెట్టు ఎగిరిపోతే జవాబు అయిదు రెట్లో ఇరవై రెట్లో తప్పుతుంది.

ఫోను కెమెరా పని

పాఠశాల ప్రయోగశాలలో రంగు ఎంత ముదురో కొలిచే పాత కలరిమీటర్ ఉంది. అది పోటీకి తీసుకెళ్లేది కాదు. అందుకని ఫోనుతో రంగు కొలవడం నేర్చుకుంటున్నాం. నీలి ద్రావణం మింగేది ఎరుపు కాంతిని, కాబట్టి ఫొటోలో ఎరుపు విలువలే పనికొస్తాయి. అసలు ఈ నీలం అన్నిటికన్నా ఎక్కువగా మింగేది 880 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనబడని పరారుణంలో. ఫోను కెమెరాలకు పరారుణాన్ని ఆపే వడపోత ఉంటుంది. మనకు దక్కేది కొండ అంచు మాత్రమే, శిఖరం కాదు.

లోపల తెల్ల కాగితం అంటించిన అట్టపెట్టె, ఒకే దీపం, ఫోను కదలకుండా ఒక చెక్క. కెమెరా తనంతట తాను వెలుతురు, రంగు సరిచేసుకోకుండా బిగించేశాం. అలా చేయకపోతే ముదురు గొట్టం పెట్టగానే కెమెరా దయతలచి దాన్ని వెలుగుగా చూపిస్తుంది! బ్లాంక్ విలువతో భాగించి సంవర్గమానం తీస్తే, బీర్-లాంబర్ట్ నియమం ప్రకారం గాఢతకు సరళరేఖ రావాలి. మాకు పై కొసన వంగింది. ఫొటో ఫైలులో వెలుతురు విలువలు నేరుగా ఉండవు, కంటికి అనువుగా వంచి ఉంటాయి. వంపును సరిదిద్దే లెక్క పెట్టాక రేఖ బాగుపడింది. అయినా ఆ సంవర్గమానం విలువ 0.8 దాటిన గొట్టాలను పలుచన చేసి మళ్లీ చూడాలని నియమం పెట్టుకున్నాం.

మిగతావి

సేంద్రియ కర్బనానికి 1934 నాటి వాక్లీ-బ్లాక్ పద్ధతిని సిద్ధాంతం వరకే చదివాం. డైక్రోమేట్‌లోని క్రోమియం క్యాన్సర్ కారకం, పైగా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. టీచరు గారు సీసా కూడా చూపించనన్నారు, సరైన మాట. ఆ పద్ధతి కర్బనంలో సుమారు 77 శాతాన్నే పట్టుకుంటుంది కాబట్టి 1.3తో గుణిస్తారన్నది గుర్తుపెట్టుకుంటే చాలు. చేత్తో చేస్తున్నది 0.02 మోలార్ పర్మాంగనేట్ పద్ధతి. ఊదా రంగు ఎంత వెలిస్తే అంత కర్బనం. అది మొత్తం కర్బనం కాదు, సులువుగా ఆక్సీకరణం చెందే భాగం. పోస్టరులో అలాగే రాశాం.

పొటాష్ పరీక్షలో సోడియం టెట్రాఫినైల్‌బోరేట్‌తో తెల్లటి మసక వస్తుంది. పుస్తకాల్లో పొటాష్‌ను తీసే ద్రావణం అమ్మోనియం అసిటేట్. అమ్మోనియం కూడా ఇదే రసాయనంతో ఇదే తెల్ల మసకనిస్తుంది! మంట రంగును బట్టి పొటాష్ కొలిచే జ్వాలా ఫొటోమీటరుకు పనికొచ్చే ద్రావణం మసక పరీక్షకు పనికిరాదు. మేం సోడియం లవణంతో తీస్తున్నాం. నైట్రేట్ సంగతి రంగు మారే పరీక్ష పట్టీలతో సరిపెడుతున్నాం, గులాబీ రంగు ముదురు లేతల వరకే చెబుతాం.

నమూనా పోటీ

టీచరు గారు న్యాయనిర్ణేతగా కూర్చుని డబ్బా చేతికిచ్చారు. గడియారం మొదలైంది. వరుస ఇలా కుదిరింది: ముందు చిటికెడు మట్టి మీద ఆమ్లం చుక్క. పొంగింది, అంటే సున్నం ఉంది, అంటే ఓల్సెన్. అరగంట ఊపాలి కాబట్టి అది ముందు మొదలు. ఊపుతుండగా పీహెచ్ బీకర్లు, వాహకత, మీటరు సరిచూడటం. వడకడుతుండగా ప్రమాణ ద్రావణాల గొట్టాలు. రంగు వచ్చే పది నిమిషాల్లో లెక్కల పట్టిక గీయడం.

తర్వాత ప్రశ్నలు.

“మీ అంకె సరైనదని ఏమిటి నమ్మకం?” అన్నారు.

“సారానికి తెలిసినంత భాస్వరం కలిపి మళ్లీ కొలిచామండీ. లీటరుకు 0.20 మిల్లీగ్రాములు కలిపితే 0.19 దొరికింది” అంది మా రంగుల అమ్మాయి.

“అది రంగు సరిగా వచ్చిందని చెబుతుంది. మట్టిలోంచి సరిగా బయటికి వచ్చిందని చెబుతుందా?”

చెప్పదు. దానికి అంకె తెలిసిన ప్రామాణిక మట్టిని మన మట్టితో పాటే నడిపించాలి. ఆవిడ దగ్గర అలాంటి పొట్లం ఒకటి ఉందట, రేపు ఇస్తామన్నారు.

ప్రయాణానికి ముందు

పెట్టెలో పెట్టినవి: బఫర్లు, ఎలక్ట్రోడ్ మూత నిండా పొటాషియం క్లోరైడ్, మీటరుకు అదనపు బ్యాటరీ, ఎర్ర గీత పెట్టె, అట్టపెట్టె, దీపం, వాడిన ద్రావణాలకు మూత గట్టిగా ఉన్న సీసా. బ్రే ద్రావణం ప్లాస్టిక్ సీసాలోనే ఉంది, ఫ్లోరైడ్ గాజును తింటుంది. ప్రామాణిక మట్టి అంకె దాని చీటీ మీద రాసిన హద్దుల లోపలే వచ్చింది.

పోస్టరులో ఒక గడి మీద చివరిదాకా తగువు నడిచింది. బ్లాంక్‌లను మళ్లీ మళ్లీ కొలిచి, వాటి సగటుకు ప్రామాణిక విచలనాన్ని మూడింతలు చేసి కలిపితే ఫోను పద్ధతికి గుర్తింపు హద్దు, అంటే నమ్మకంగా గుర్తించగల అతి తక్కువ గాఢత, లీటరుకు 0.05 మిల్లీగ్రాములు వచ్చింది. నల్ల మట్టి బ్రే గొట్టం కలరిమీటరులో 0.04 చూపింది. ఫోను కూడా అటూ ఇటుగా అంతే అంటోంది. రెండూ కలిశాయి కదా, రాసేద్దామని ఇద్దరి పట్టు. హద్దు కింద పడిన అంకె కలిసినా అది యాదృచ్ఛికమేనన్నది నా వాదం. ఫోను వరుసలో ఆ గడిలో ‘గుర్తింపు హద్దు కన్నా తక్కువ’ అని రాశాం. కలరిమీటరు వరుసలో కిలోకు 2 మిల్లీగ్రాములు, బ్రే పద్ధతి, 1:10 నిష్పత్తి, అయిదు నిమిషాల ఊపుడు అని రాశాం. అక్షరాలు చిన్నవై గడి ఇరుకైంది, కాబట్టి పట్టికను ఇంకో అంగుళం వెడల్పు చేసి మళ్లీ అచ్చు వేయించాలి.